ఎర్రవంకపల్లెకు నీలం బ్యానర్

"దేవపాలు భాయ్, నీ కార్డు వచ్చేసినాది. మానిటర్ గూడా. వచ్చి తీస్కపో" అని ప్రొద్దుటూరు కంప్యూటర్ల షాపు నుంచి లాల్ బాషా ఫోన్ చేసేసరికి దేవపాలు పళ్ళు తోముకుంటున్నాడు. నోట్లో నురుగుతోనే "సుందరీ!" అని కేక పెట్టాడు. పొయ్యి మీది పాలు వదిలేసి సుందరి పరుగెత్తుకొచ్చింది. పాలు పొంగిపోయాయి. కాపురం మొదలైనప్పటి నుంచి ఆ ఇంట్లో ఏ మంచి మాట వినబడ్డా పాలు పొంగుతూనే ఉన్నాయి కాబట్టి దాన్నిద్దరూ పట్టించుకోలేదు.

దేవపాలుకు జమ్మలమడుగు పాత బస్టాండు దగ్గర ఒక డిజైనింగ్ షాపు ఉంది. పెండ్లి పత్రికలు, చర్చివాళ్ళ క్రిస్మస్ కార్డులు, ఫ్లెక్సీ బ్యానర్లు చేస్తాడు. కంప్యూటర్ ముసలిది. స్విచ్చి వేసి, బయటికి పోయి టీ తాగి, కప్పు కడిగి ఇచ్చి వస్తే అప్పటికి మేలుకునేది. పులివెందుల నుంచి కొత్త కోడలిగా వచ్చిన సుందరి బి.ఎస్సీ. చదివింది. మంచం కొనుక్కోమని ఆమె తల్లి ఇచ్చిన డబ్బుతో గ్రాఫిక్స్ కార్డు, పలకలాంటి కొత్త మానిటర్ తెప్పిద్దామని చెప్పింది ఆమే. "మంచం లేకుంటే చాప మీద పండుకుంటాం మామా. మానిటర్ లేకుంటే చాప మీద బ్యానర్ చేయగలమా?" అంది. అంత తెలివైన మాట తన జీవితంలో వినలేదనుకున్నాడు దేవపాలు.

పాత మానిటర్‌కు ఒక చరిత్ర ఉంది. కొన్నేళ్ళ కిందట దాని తీగను ఎలుక కొరికింది. ఎదురుగా రేడియోలు బాగుచేసే ఆయన తెగిన పోగులన్నీ అతికించి, నల్ల టేపు చుట్టి ఇచ్చాడు. అతికించడంలో ఎరుపును తెచ్చే పోగు నీలం చోటికి, నీలాన్ని తెచ్చే పోగు ఎరుపు చోటికి పోయాయి. ఆ రోజు నుంచి తెర మీద కనకాంబరం రంగు నీలంగా, నీలం కనకాంబరంగా కనిపించడం మొదలైంది. దేవపాలుకు ఎలుక మీద అనుమానం రాలేదు. తెర రంగు వేరు, ఇంకు రంగు వేరు, ప్రింటింగ్ అంటే ఇంతే అని నిశ్చయించుకున్నాడు. అచ్చులో కనకాంబరం కావాలంటే తెర మీద నీలం పెట్టాలి. నీలం కావాలంటే కనకాంబరం పెట్టాలి. ఈ సూత్రాన్ని పెండ్లయిన మొదటి వారంలోనే భార్యకు బోధించాడు. అలాంటి వారంలో ఇంకే భర్తయినా వేరే మాటలు చెప్పి ఉండేవాడు. సుందరికి మాత్రం ఆయన ఏం చెప్పినా వినడానికి హాయిగానే ఉండింది.

ఆ రోజే కార్డు రావడం ఎంతో అవసరం, ఎందుకంటే చెన్నప్ప బ్యానర్ ఆ సాయంత్రంలోగా అచ్చుకు పోవాలి.

గండికోట దారిలో ఉండే ఎర్రవంకపల్లెకు చెన్నప్ప ఒక పెద్ద, ఓబులేసు ఇంకొక పెద్ద. వాళ్ళ తాతల నాటి నుంచి రెండు ఇళ్ళకూ మాటల్లేవు. చెన్నప్ప ఒక పార్టీలో ఉంటే ఓబులేసు ఇంకో పార్టీలో ఉంటాడు. ఒకరు పార్టీ మారితే రెండోవారు ఖాళీ అయిన పార్టీలోకి పోతారు. పంచాయతీ ఎన్నికల్లో పార్టీ గుర్తులుండవు కాబట్టి చెన్నప్ప మనుషులు కనకాంబరం రంగు తువ్వాలు, ఓబులేసు మనుషులు నీలం తువ్వాలు వేసుకుంటారు. గొడవ జరిగితే దుమ్ములో ఎవరు ఎవరో తెలియడానికి అదొక్కటే ఆధారం. ఈసారి సర్పంచ్ పదవి ఆడవాళ్ళకు వచ్చింది. చెన్నప్ప తన భార్య వెంకటరమణమ్మను నిలబెట్టాడు. ఓబులేసు తన వదినను నిలబెట్టాడు.

బ్యానర్ పని చెప్పిన రోజు చెన్నప్ప జీపు దిగలేదు. లోపల నుంచే అన్నాడు. "మా ఇంటామె ఫోటో పెద్దగా పడాల. రంగు కనకాంబరం. ఆ రంగు మింద నా మనుషుల పానాలుండాయప్పా. తేడా వచ్చిందా, రెండో పొద్దుకు నీ షాపు జమ్మలమడుగులో ఉండదు."

అన్న మాట నిలబెట్టుకుంటాడని చెన్నప్పకు పేరు.

దంపతులిద్దరూ ప్రొద్దుటూరు పోయారు. లాల్ బాషా కార్డును అట్టపెట్టెలోంచి తీసి చూపించాడు. "నీ మిషన్ పాతకాలందయా భాయ్. ఇప్పుడొచ్చే కార్డులు దాంట్లో పట్టనే పట్టవు. దీనికోసం బెంగుళూరులో యాడో మూలన బడి ఉండేదాన్ని పట్టిచ్చినా. జాగ్రత్తగా పెట్టుకో, ఇంగొకటి దొరకదు" అన్నాడు. తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు మానిటర్‌కు ఇచ్చి దేవపాలు జమ్మలమడుగు దాకా నిలబడే వచ్చాడు. సుందరి కార్డు పెట్టెను ఒడిలో పెట్టుకుని దుమ్ము పడకుండా కొంగు కప్పింది.

"బిడ్డకు ముసుగు తియ్యి పాపా, గాలాడొద్దా?" అంది వెనక సీటు ముసలామె.

"బిడ్డ కాదవ్వా, కార్డు."

"ఏ కార్డు? రేషన్ కార్డా?" అని ముసలామె ముందుకు వంగి చూసింది. "అదైతే కప్పే పెట్టుకో."

మధ్యాహ్నానికి పాత పెట్టె విప్పి, లోపలి బూజు దులిపి, కార్డును గాడిలో నొక్కి స్క్రూ బిగించారు. పాత మానిటర్‌ను దాని తీగతో సహా మూలన పెట్టారు. కొత్తదానికి దాని తీగ దానికే వచ్చింది. స్విచ్చి వేయగానే తెర తెల్లారినట్టు వెలిగింది. సుందరి మొదట తమ పెండ్లి ఫోటో తెరిచింది. ఇన్నాళ్ళూ ఆ ఫోటోలో ఇద్దరి మొహాలూ, పాస్టర్ గారి మొహమూ నీలంగా ఉండేవి. ఇప్పుడు అందరూ మనుషుల రంగులో ఉన్నారు.

"మామా, నీ చెంప మింద పుట్టుమచ్చ గూడా కనపడతాంది!" అంది సుందరి. ఆ మచ్చ రోజూ ఆమె పక్కనే ఉంటుందన్న సంగతి ఆ క్షణంలో ఇద్దరికీ గుర్తు రాలేదు.

మొహాలు బాగుపడటం కార్డు మహిమ అని దేవపాలు అర్థం చేసుకున్నాడు. అచ్చు రంగు మాత్రం ఇంకు సంగతి. దానికీ కార్డుకూ సంబంధం లేదు. ఇలా ఆలోచించి, ఎన్నేళ్ళగానో అలవాటైన చేత్తో వెంకటరమణమ్మ ఫోటో చుట్టూ నిండైన నీలం పోశాడు.

"తెర మింద నీలం. అంటే అచ్చులో కనకాంబరం" అని సుందరి పాఠం ఒప్పజెప్పింది. "కరెక్టే మామా."

"ఎంత తొందరగా నేర్చుకున్నావు సుందరీ" అన్నాడు దేవపాలు, నిజంగానే కండ్లు చెమర్చి. సీడీ చేసి ప్రొద్దుటూరు బస్సు కండక్టర్ చేతికిచ్చి, ప్రెస్సులో ఇమ్మని పంపాడు. బ్యానర్లు అచ్చయ్యాక ప్రెస్సు దగ్గర నుంచి నేరుగా ఊరికి తీసుకుపోయే బాధ్యత చెన్నప్ప మనిషి తిరుపాలుది.

మరునాడు పొద్దున షాపు తలుపు తీయగానే తిరుపాలు వచ్చాడు. భుజం మీద నీలం తువ్వాలు ఉంది.

"ఏంది తిరుపాలన్నా, నీలం తువ్వాలేసినావు?"

"నువ్వు చేసిన బ్యానరే గదప్పా. ఊరి మొగదల కట్టినాం. ఏం నీలం! కొండ మింది నుంచి గూడా అగపడతాంది. అన్న రంగు మార్చినాడని మాకప్పుడు తెలిసింది. దుకాణం తెరిపించి, అందరికీ నీలం తువ్వాలు పంచినాం. ఇంగ చిన్న జెండాలు గావాల, అదే రంగులో."

సుందరి మెల్లగా అడిగింది. "అన్నను ఒక మాట అడిగినారా?"

తిరుపాలు ఆమెను జాలిగా చూశాడు. "పులివెందుల్లో కోర్టు వాయిదా ఉంటే తెల్లారకముందే పాయ. సెల్లు ఆపేసినాడు. ఉన్నా గూడా అడుగుతామామ్మా? అన్న ఒకటి చేసినాక ఎందుకన్నా అని అడిగితే ఇంగ నమ్మకం యాడుంటాది? మా నాయన అడగలేదు, నేను అడగలేదు."

తిరుపాలు జెండాల పని చెప్పి వెళ్ళిపోయాడు. సుందరి తెర మీది బ్యానర్‌ను చూసింది. నీలం. ఊరి ముందర వేలాడుతున్నదీ నీలమే. మూలన ఉన్న పాత మానిటర్ దగ్గరికి పోయి, దాని తీగకు చుట్టిన నల్ల టేపు విప్పింది. లోపల ఎర్ర పోగు నీలం పోగుకు, నీలం పోగు ఎర్ర పోగుకు అతికి ఉన్నాయి.

"మామా, ప్రింటింగులో తిరకాసేం లేదు" అంది ఆమె, ఎవరో పోయినట్టు. "తెర మింద ఏముంటే అచ్చులో అదే."

"అయితే ఇన్నేండ్లూ?"

"ఎలుక."

చెన్నప్ప పొద్దుగూకే లోపల తిరిగి వస్తాడు. ఆయన ఊరి మొగదల జీపు దిగేలోపు అక్కడ కనకాంబరం బ్యానర్ ఉండాలి. లేకపోతే షాపు ఉండదు. షాపు లేకపోతే పులివెందులకు పోయి మామ గారింట్లో ఉండాలి. ఉండమని ఆయనే అంటాడు. దేవపాలు భయమల్లా ఆ ఉండమనడం గురించే. పది నిమిషాల్లో రంగు మార్చి, సీడీ పట్టుకుని ఇద్దరూ ప్రొద్దుటూరు పరుగెత్తారు. ప్రెస్సువాళ్ళను బతిమాలి, ఇంకు ఆరీ ఆరకముందే బ్యానర్‌ను చుట్టుకుని ఎర్రవంకపల్లె చేరేసరికి ఎండ వాలుతోంది.

ముందుగా వెంకటరమణమ్మ దగ్గరికి పోయారు. ఆమె అరుగు మీద కూర్చుని చాటలో బియ్యం ఏరుతోంది.

"అక్కా, బ్యానర్ రంగులో తప్పు జరిగింది" అంది సుందరి. "సరైంది తెచ్చినాం. పాతది తీసి ఇది కట్టమని మీ మనుషులకు ఒక మాట చెప్పండి."

"నాకెందుకు చెప్తావు పాపా? నేను నిలబడతాండేది మటుకే. మాట్లాడేదంతా ఆయనే."

"ఏ రంగు కట్టాలనో మీరన్నా చెప్పండక్కా."

"అది నాకు తెలిసుంటే నన్నెందుకు నిలబెడతారు?" అని ఆమె ఒక రాయిని ఏరి పారేసింది. "మజ్జిగ తాగి పోండి. ఫోటో మాత్రం బాగొచ్చింది."

మజ్జిగ తాగి బయటపడ్డారు. వీధి మలుపు తిరగగానే దేవపాలు ప్రాణం లేచి వచ్చింది. చావిడి దగ్గర మనుషులు గుంపుగా కూర్చున్నారు. అందరి భుజాల మీదా కొత్త కనకాంబరం తువ్వాళ్ళు.

"మనోళ్ళు మళ్ళా మారినారు సుందరీ! తప్పు తెలుసుకున్నారు" అని దేవపాలు పరుగున పోయి బ్యానర్ చుట్ట వాళ్ళ చేతికిచ్చాడు. "నిచ్చెన యాడుందప్పా? బెరీన కట్టండి. పొద్దుగూకే లోపల లేసుండాల."

వాళ్ళు చుట్ట కొసను విప్పి రంగు చూశారు. తమ రంగే. మాట్లాడకుండా నిచ్చెన తెచ్చి, చావిడి ముందర రెండు స్తంభాలకు కట్టారు. బ్యానర్ కిందికి జారి పూర్తిగా పరుచుకున్నాక, అందులో నవ్వుతున్న వెంకటరమణమ్మను చూసి నిచ్చెన మీదివాడు అలాగే ఆగిపోయాడు.

"ఈయమ్మ చెన్నప్ప పెండ్లాం గదూ?" అన్నాడు.

"అయితే ఏమిరా?" అన్నాడు కిందివాడు, కాస్త ఆలోచించి. "రంగు మనదే. ఓబులేసన్న ఎంత లోతుకు పోయి ఆలోచించినాడో మనకేం తెల్సు? కట్టు, కట్టు."

దేవపాలు ఒక్కొక్కరి మొహం చూశాడు. "మీరు ఓబులేసు మనుషులా?"

"మరి ఎవరనుకున్నావు? పొద్దున్నే ఆ చెన్నప్ప మనుషులంతా నీలం తువ్వాలేసుకోని తిరగబట్టిరి. రేపేమన్నా జరిగితే మావోడెవడో వాళ్ళోడెవడో ఎట్ల తెలియల్ల? అందుకే ఓబులేసన్న మమ్మల్ని కనకాంబరం వేసుకోమని చెప్పి, కాయలు కోయించేకి చీనీతోటకు పాయ."

"అప్పా, ఆ బ్యానర్ తీసేస్తాం, మాదే తప్పు..."

"తీసేదేంది?" అని నలుగురు లేచారు. "అన్న కట్టించిందాన్ని తీసేకి నువ్వెవడ్రా?"

ఆ విధంగా, పెద్దమనుషులిద్దరూ ఊర్లో లేని ఒక్క పగటిలో, ఊరి మొగదల నీలం రంగులో వెంకటరమణమ్మ, చావిడి దగ్గర కనకాంబరం రంగులో వెంకటరమణమ్మ నిలిచారు. ఎర్రవంకపల్లె మొత్తం ఒకే అభ్యర్థి వెనక నిలబడింది. అలా నిలబడమని ఎవరూ చెప్పలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు.

"పోదాం మామా, బస్సుకు టైమయ్యింది" అంది సుందరి. "మా నాయన శానా మంచోడు. రెండు గదులు ఇస్తాడు."

"ఆ మాట మళ్ళా అనొద్దు" అన్నాడు దేవపాలు. ఇద్దరూ చావిడి పక్కన గోడ నీడలో నిలబడ్డారు. ఏ వీధిలోకి పోయినా ఏదో ఒక తువ్వాలు అడ్డం వస్తోంది.

అప్పుడు జీపు శబ్దం వినిపించింది. చెన్నప్ప పగలంతా కోర్టు వరండాలో నిలబడి, దారంతా తువ్వాలు మొహం మీద వేసుకుని నిద్రపోయి వచ్చాడు. ఊరి మొగదలి నీలం బ్యానర్ ఆయన తువ్వాలు కింద ఉండగానే దాటిపోయింది. కరెంటు లేదు. మునిమాపు దుమ్ములో ఆయన కండ్లు తెరిచేసరికి ఎదురుగా కనకాంబరం తువ్వాళ్ళు, వాటి పైన కనకాంబరం రంగులో తన భార్య మొహం. అంతా అనుకున్నట్టే ఉంది. జీపు ఆపించి, ఒంటరిగా దిగి, నేరుగా వచ్చి ఆ గుంపు నడుమ అరుగు మీద కూర్చున్నాడు.

"ఏమిరా, అందరూ బాగుండారా?" అన్నాడు. "దాహంగా ఉండాది."

తాతల నాటి నుంచి ఓబులేసు చావిడి అరుగు మీద చెన్నప్ప ఇంటివాడెవడూ కూర్చున్నది లేదు. ఒంటరిగా, ఒట్టి చేతులతో వచ్చి నీళ్ళడిగిన మనిషిని ఏం చేయాలో వాళ్ళకెవరూ నేర్పలేదు. ఒకడు లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చాడు. చెన్నప్ప గటగటా తాగి, మూతి తుడుచుకుంటూ చెంబు తిరిగి ఇవ్వబోయి, దాన్ని అందుకుంటున్న మొహాన్ని చూశాడు. ఆ మొహాన్ని ఆయన కోర్టు బోనులో చాలాసార్లు చూశాడు. పక్క మొహం చూశాడు. అదీ కోర్టులో చూసిందే.

సరిగ్గా అప్పుడే చీనీతోట నుంచి ఓబులేసు వచ్చాడు. తన చావిడికి చెన్నప్ప పెండ్లాం బ్యానర్. దాని కింద చెన్నప్ప. ఆయన చేతిలో తమ ఇంటి చెంబు.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. తాను పొరపాటున కూర్చున్నానని చెన్నప్ప చెప్పలేడు. ఇదంతా తనకు తెలియదని ఓబులేసు చెప్పలేడు. వెనక ఓబులేసు మనుషులు, అప్పటికి జీపు దగ్గరికి చేరిన చెన్నప్ప మనుషులు నోరు తెరుచుకుని చూస్తున్నారు.

"వచ్చినా" అన్నాడు చెన్నప్ప.

"అగపడతాంది" అన్నాడు ఓబులేసు.

"నీళ్ళు గూడా తాగినా."

"మంచి నీళ్ళే."

ఓబులేసు బ్యానర్ వైపు తల ఎత్తాడు. "నేనే కట్టిచ్చినా" అన్నాడు గంభీరంగా.

"మొగదల నీలంది నేను కట్టిచ్చినా" అన్నాడు చెన్నప్ప, డ్రైవర్ వచ్చి చెవిలో ఏదో చెప్పిన తరువాత, అంతకంటే గంభీరంగా.

ఓబులేసు వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఇద్దరి మధ్య ఒక మనిషి పట్టేంత చోటు వదిలాడు. వెంకటరమణమ్మ సగం కాలం, ఓబులేసు వదిన సగం కాలం అని మాట ఖాయమవడానికి ఒక బీడీ కాలేంత సేపు పట్టింది. ఆ ఇద్దరు ఆడవాళ్ళనూ ఎవరూ అడగలేదు. తిరుపాలు దూరం నుంచి చూసి కండ్లు తుడుచుకున్నాడు. "అన్న ఇదంతా ఎప్పుడో ఆలోచించినాడప్పా" అన్నాడు పక్కవాడితో.

గోడ నీడలోంచి దేవపాలు బయటికి వచ్చాడు. చర్చిలో నేర్చుకున్నది గట్టిగా పట్టుకుని, చేతులు కట్టుకున్నాడు. "అన్నా, నిజం చెప్పకుంటే నాకు నిద్ర పట్టదు. రంగు తప్పు మాదే. మా పాత మానిటర్ తీగ ఎలుక కొరికి..."

"ఏం ఎలుక?" అన్నాడు చెన్నప్ప. "ఈ ఊర్లో నేను చెప్పకుండా రంగు మారేది ఎప్పుడన్నా ఉండాదా?"

"నేను చెప్పకుండా బ్యానర్ లేసేది ఉండాదా?" అన్నాడు ఓబులేసు.

"లేదన్నా" అంది సుందరి, భర్త చేయి పట్టుకుని వెనక్కి లాగుతూ. "ఎలుక గూడా లేదు."

చెన్నప్పకు ఆ అమ్మాయి మాట నచ్చింది. "నీ షాపుకు ఇంగ ఎవరూ అడ్డం రారు" అన్నాడు దేవపాలుతో. "ఇంగొక బ్యానర్ గావాల. ఇద్దరికీ కలిపి ఒకటే. రేపు పొద్దున్నే నేనూ ఓబులేసూ నీ షాపుకొస్తాం. నీ మానిటర్ ముందర పక్కపక్కన కూచోని, మా కండ్లతో చూసి రంగు ఖాయం చేస్తాం. ఊరంతా జీపుల్లో వచ్చి వాకిట్లో నిలబడి చూడాల."

"ఎవురూ ముందు కూచునేది లేదు, ఎవురూ కింద కూచునేది లేదు" అన్నాడు ఓబులేసు. "అది మాత్రం ఇప్పుడే చెప్తాండా."

దేవపాలు తలూపాడు. షాపులో ఉన్నది ఒకటే కుర్చీ.